రోము అంతర్యుద్ధాల మూలం జీతాల పద్దులో ఉంది

సంపాదకులకు,

రోము గణతంత్రం ఎలా కూలిపోయిందో వివరిస్తూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదవడానికి బాగుంది. కానీ అందులో రెండు వాస్తవాలు తప్పు. ఒక నిర్ధారణ అంతకన్నా పెద్ద తప్పు. జూలియస్ సీజర్‌ను ‘మొదటి చక్రవర్తి’ అన్నారు. ఆయన ఏనాడూ చక్రవర్తి కాలేదు. క్రీ.పూ. 44 ఫిబ్రవరిలో జీవితకాలపు నియంత అయ్యాడు, మార్చి 15న హత్యకు గురయ్యాడు, అంతే. సొంత నగరం మీదికి సైన్యాన్ని నడిపించిన మొదటి సేనాపతి కూడా ఆయనేనన్నారు. ఆ పని సీజర్ క్రీ.పూ. 49లో చేయడానికి 39 ఏళ్ల ముందే, క్రీ.పూ. 88లో, సుల్లా అనే సేనాపతి చేశాడు. ఇక నిర్ధారణ: సంపద పెరిగి, విలాసాలకు మరిగి, నీతి తప్పి రోమన్లు చెడిపోయారట. ఇది ఆ కాలపు చరిత్రకారుడు సాలుస్టు చెప్పిన మాటే. ఆఫ్రికాకు గవర్నరుగా వెళ్లి అక్కడి జనాన్ని దోచుకున్నాడన్న ఆరోపణ మూటగట్టుకుని వచ్చినవాడాయన. నీతి విషయంలో ఆయన సాక్ష్యాన్ని కాస్త చూసి పుచ్చుకోవాలి.

క్రీ.పూ. 133 నుంచి మూడున్నర శతాబ్దాల పాటు రోములో జరిగిన గొడవలన్నిటికీ ఒకే ప్రశ్న వేసి చూడండి: యుద్ధం ముగిశాక సిపాయికి ఏం ఇవ్వాలి, ఎవరివ్వాలి? ఈ ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర జవాబు ఉన్నంతకాలం నగరం ప్రశాంతంగా ఉంది. లేనప్పుడు ఆ జవాబు సేనాపతి చెప్పాడు.

మొదట్లో ఈ ప్రశ్నే లేదు. రోములో ఆస్తి ఉన్నవాడే సైనికుడు. కత్తీ డాలూ సొంతంగా కొనుక్కుని ఎండాకాలం యుద్ధానికి వెళ్లి, పంట కోతకు ఇంటికి వచ్చేవాడు. సైన్యంలో చేరడానికి ఉండాల్సిన కనీస ఆస్తికి గ్రంథాల్లో మూడు అంకెలు దొరుకుతాయి: 11,000 ఆసులు, 4,000 ఆసులు, 1,500 ఆసులు. ఆసు అంటే రాగి నాణెం. 16 ఆసులు ఒక వెండి దీనారం, నాలుగు సెస్టర్సులు కూడా ఒక దీనారమే. ఈ మూడు అంకెలనూ కాలక్రమంలో తగ్గుదలగానే చాలామంది చదువుతారు, అందరూ ఒప్పుకోరు. ఏమైనా స్పెయిన్ యుద్ధాలు మొదలయ్యాక పాత పద్ధతి పనికిరాలేదన్నది మాత్రం నిజం. ఆరేడేళ్లు స్పెయిన్‌లో ఉండిపోయిన రైతు పొలం ఎవరు దున్నుతారు? ఇటలీలో ప్రభుత్వ భూమి చాలా ఉంది, కానీ అది పెద్దల ఆక్రమణలో ఉంది.

క్రీ.పూ. 133లో ట్రిబ్యూన్ (సామాన్యుల తరఫున ఎన్నికైన అధికారి) టిబేరియస్ గ్రాకస్ తెచ్చిన చట్టం కొత్త పరిమితి పెట్టలేదు. ప్రభుత్వ భూమిలో ఒక్కొక్కరికి 500 యూగెరాలు, అంటే సుమారు 310 ఎకరాలు మించకూడదన్న పాత నియమాన్ని అమలు చేయమంది. పైగా కొడుకుకు ఇంకో 250 ఇచ్చింది. మిగులును ముగ్గురు సభ్యుల సంఘం పేదలకు పంచాలి, పుచ్చుకున్నవాడు అమ్మకూడదు. చట్టం నెగ్గింది. పెద్దల సభ అయిన సెనేట్ ఏం చేసిందో చూడండి: భూమి కొలవడానికి వెళ్లే సంఘానికి ఆనవాయితీగా ఇచ్చే గుడారం ఇవ్వలేదు, రోజు ఖర్చుకు 9 ఓబోలులు (చిన్న గ్రీకు నాణేలు) మాత్రం మంజూరు చేసింది. అదృష్టవశాత్తూ పెర్గమం రాజు అటాలస్ తన రాజ్యాన్ని రోముకు రాసిచ్చి చనిపోయాడు. ఆ డబ్బు కొత్త రైతులకు ఎద్దులకీ పనిముట్లకీ వాడదామని గ్రాకస్ ప్రతిపాదించాడు. ఖజానా మీద సెనేట్ పెత్తనానికే ఎసరు వచ్చింది. ఆ ఏడాదే సెనేటర్లు విరిగిన బల్లల కాళ్లతో ఆయన్నీ, దాదాపు 300 మంది అనుచరులనూ కొట్టి చంపి టైబర్‌లో పడేశారు. పన్నెండేళ్ల తర్వాత తమ్ముడు గయస్ వంతు వచ్చింది. అతడి తలకు ఎత్తు బంగారం ఇస్తామన్నారు. తెచ్చినవాడు మెదడు తీసేసి సీసం పోసి తెచ్చాడు. తక్కెడలో 17 పౌన్ల పైచిలుకు తూగింది.

క్రీ.పూ. 107లో సేనాపతి మారియస్ ఆస్తి లేనివాళ్లను సైన్యంలోకి తీసుకున్నాడు. పాఠ్యపుస్తకాలు దీన్ని ‘మారియస్ సంస్కరణ’ అంటూ పెద్ద మలుపుగా చూపిస్తాయి. అది నిజానికి ఉత్తర ఆఫ్రికా రాజు జుగూర్తా మీద యుద్ధానికి బలగం చాలక చేసిన పని. ఆ తర్వాత కూడా బలవంతపు భర్తీ ఆగలేదు. మలుపు ఎక్కడుందంటే, క్రీ.పూ. 103లో ట్రిబ్యూన్ సాటర్నినస్ మారియస్ మాజీ సైనికులకు ఆఫ్రికాలో తలా 100 యూగెరాలు, అంటే 62 ఎకరాల చొప్పున ఇచ్చే చట్టం తెచ్చినప్పుడు ఉంది. అడ్డుపడబోయిన సాటి ట్రిబ్యూన్‌ను రాళ్లతో తరిమారు. భూమి కావాలంటే చట్టసభలో ఓటు ఒక్కటే చాలదని, కండబలం కూడా కావాలని సిపాయికి అర్థమైంది. మూడేళ్లకు అదే సాటర్నినస్‌ను సెనేట్ భవనంలో బంధించినప్పుడు ప్రత్యర్థులు కప్పు ఎక్కి పెంకులు ఊడదీసి వాటితోనే కొట్టి చంపారు.

ఇప్పుడు సుల్లా దగ్గరికి వద్దాం. క్రీ.పూ. 88లో పాంటస్ రాజు మిథ్రిడేటిస్ మీద యుద్ధానికి కాన్సుల్ (ఏడాదికి ఇద్దరు ఉండే అత్యున్నత అధికారుల్లో ఒకరు) సుల్లాకు సెనేట్ అధికారం ఇచ్చింది. ట్రిబ్యూన్ సుల్పిషియస్ ప్రజాసభలో ఓటింగు పెట్టి దాన్ని మారియస్‌కు మార్చాడు. అప్పటికి సుల్లా నోలా దగ్గర ఆరు లెజియన్లతో (లెజియన్ అంటే సుమారు 5,000 మంది దళం) ఉన్నాడు. ఆయన సైనికులను సమావేశపరిచి తనకు జరిగిన అవమానం చెప్పాడు. రోము మీదికి పోదామని మాత్రం అనలేదు. ఆ మాట సైనికులే అన్నారు. సంపన్నమైన ఆసియా మీద యుద్ధం, దోపిడీ సొమ్ము చేతికందబోతోంది. మారియస్ వస్తే వేరే సైన్యాన్ని తీసుకుపోతాడు. బాధ్యతలు స్వీకరించడానికి మారియస్ పంపిన అధికారులను సిపాయిలే రాళ్లతో కొట్టి చంపారు. సుల్లా కింద పనిచేసే పై అధికారుల్లో ఒక్క క్వెస్టర్ (ఖజానా చూసే అధికారి) తప్ప అందరూ ఆయన్ను వదిలి వెళ్లిపోయారు. గణతంత్రం కోసం బాధపడినవాళ్లు అధికారులు, కదిలినవాళ్లు సిపాయిలు. ఈ తేడా గమనిస్తే తర్వాతి వంద సంవత్సరాలు సులువుగా అర్థమవుతాయి.

క్రీ.పూ. 82 నవంబరు 1న రోము నగరపు కొల్లైన్ ద్వారం దగ్గర మారియస్ పక్షం మీద గెలిచి సుల్లా నియంత అయ్యాడు. శత్రువుల పేర్లు తెల్ల పలకల మీద రాయించి నగర కూడలి అయిన ఫోరంలో పెట్టించాడు. తల తెచ్చినవాడికి 12,000 దీనారాలు. హతుడి ఆస్తి జప్తు, కొడుకులకు పదవులు బంద్. మొదట్లోనే 40 మంది సెనేటర్లు, సుమారు 1,600 మంది అశ్విక వర్గం (సెనేటర్ల తర్వాతి సంపన్న వర్గం) వాళ్లు జాబితాకెక్కారని చరిత్రకారుడు అపియన్ రాశాడు. పగ ఒక కారణమే గానీ, 23 లెజియన్లకు పంచడానికి భూమి కావాలి, అది ఇంకో కారణం. అపియన్ చెప్పిన లబ్ధిదారుల సంఖ్య 1,20,000. నేటి పరిశోధకులు 80,000 దాకా ఒప్పుకుంటారు.

ఈ పంపకం ఎందుకు చెడిందో ఫేసులే ఊరు ఒక్కటి చూస్తే చాలు. ఇప్పటి ఫ్లోరెన్స్ పక్కన కొండ మీద ఉంది. సుల్లా అక్కడి రైతుల పొలాలు లాక్కుని తన మాజీ సైనికులకు ఇచ్చాడు. క్రీ.పూ. 78లో సుల్లా పోగానే, పొలాలు పోయిన రైతులు కొత్తగా వచ్చినవాళ్ల మీద దాడి చేశారు. అక్కడి నుంచి ఆ ఏటి కాన్సుల్ లెపిడస్ తిరుగుబాటు రాజుకుంది. పదిహేనేళ్లు గడిచాయి. క్రీ.పూ. 63లో ప్రభుత్వాన్ని పడగొట్టాలని కాటిలైన్ పన్నిన కుట్రకు సైన్యం కూడింది ఎక్కడ? ఫేసులేలోనే. చేరినవాళ్లు ఎవరు? ఈసారి సుల్లా భూమి ఇచ్చిన మాజీ సైనికులు కూడా చేరారు. వాళ్లకు నాయకుడు మాన్లియస్ కూడా సుల్లా దగ్గర పనిచేసిన శతాధిపతే. పదిహేనేళ్లు కత్తి పట్టిన చేతికి నాగలి పట్టడం రాలేదు, ఎద్దులకీ విత్తనాలకీ పెట్టుబడి లేదు, అప్పులు మిగిలాయి. పొలం పోగొట్టుకున్నవాడూ పొలం పొందినవాడూ అదే గుడారాల్లో చేరారు.

ఆ భూమి ఎలా కొలిచేవారో కూడా చెప్పుకోవాలి, గొడవ సగం అక్కడే ఉంది. భూమాపకుడు గ్రోమా అనే పరికరాన్ని నిలబెట్టేవాడు. ఒక కర్ర మీద అడ్డంగా శిలువ ఆకారం, నాలుగు కొసలకూ వేలాడే గుండ్లు. దాంతో లంబకోణాలు తీసి నేలను 2,400 రోమన్ అడుగుల, అంటే సుమారు 710 మీటర్ల చదరాలుగా కోసేవారు. ఒక్కో చదరం 200 యూగెరాలు, మన లెక్కలో 125 ఎకరాలకు దగ్గర. వాటాలకు చీటీలు వేసేవారు. కంచు రేకు మీద పటం చెక్కి ఒకటి ఊళ్లో, ఇంకొకటి రోములో ఉంచేవారు. గ్రోమాకు తిన్నని గీతలూ లంబకోణాలూ తెలుస్తాయే గానీ నేల సారం తెలియదు. ఒకడి చీటీకి నది ఒడ్డు నల్లరేగడి వస్తే ఇంకొకడికి రాళ్లగుట్ట వచ్చేది. చదరాల్లో ఇమడని అంచు ముక్కలు ఎవరివన్న తగవు తరాల తరబడి నడిచింది. తర్వాతి కాలపు చక్రవర్తి వెస్పేషియన్ వాటిని ప్రభుత్వానివేనని వెనక్కి లాగబోయాడు, చివరికి ఆయన కొడుకు డొమీషియన్ సాగులో ఉన్నవాళ్లకే వదిలేశాడు.

సేనాపతి పాంపే కథ క్లుప్తంగా. క్రీ.పూ. 62లో తూర్పు దేశాలు గెలిచి బ్రుండీసియం రేవులో దిగి, అందరూ భయపడినట్టు రోము మీదికి రాకుండా సైన్యాన్ని చట్టప్రకారం రద్దు చేశాడు. బదులుగా అడిగింది తన సైనికులకు భూమి. సెనేట్ రెండేళ్లకు పైగా నానబెట్టింది. అందుకే పాంపే సీజర్‌తో చేతులు కలిపాడు. క్రీ.పూ. 59లో సీజర్ కాన్సుల్ కాగానే భూచట్టం తెచ్చాడు. సాటి కాన్సుల్ బిబులస్ అడ్డుపడితే నెత్తిన పేడ గుమ్మరించి ఫోరం నుంచి తరిమారు. మిగతా సంవత్సరమంతా ఆయన ఇంట్లో కూర్చుని, ఆకాశంలో దుశ్శకునాలు కనిపిస్తున్నాయి కాబట్టి సభ చెల్లదంటూ ప్రకటనలు పంపుతూ గడిపాడు. చట్టాన్ని పాటించిన పాంపేకు సెనేట్ దగ్గర దక్కిన గౌరవం అది. అటువైపు గాల్‌లో (ఇప్పటి ఫ్రాన్స్‌లో) ఉన్న సీజర్ సైనికులు ఇది గమనించకుండా ఉంటారా?

సీజర్ తన ప్రాంతపు సరిహద్దు రూబికాన్ నదిని సైన్యంతో దాటడం ఈ వరుసలో చాలా ఆలస్యంగా వచ్చిన ఘట్టం. (మీ పటంలో ఆ నదిని ఆల్ప్స్ పాదాల దగ్గర చూపారు. అది ఏడ్రియాటిక్ తీరాన, రవెన్నా, రిమిని మధ్య పారే చిన్న వాగు. ఇప్పుడు ఆ పేరుతో ఉన్న ఏటికి ఆ పేరు ఖాయం చేసింది 1933లో.) క్రీ.పూ. 50 డిసెంబరు 1న సీజర్, పాంపే ఇద్దరూ ఒకేసారి సైన్యాలు వదులుకోవాలన్న ట్రిబ్యూన్ క్యూరియో తీర్మానానికి సెనేట్‌లో 370 మంది అనుకూలంగా, 22 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆ 22 మంది మాటే నెగ్గింది. సభ ముగించి వెళ్లిపోయిన కాన్సుల్ మరునాడు పాంపే చేతికి కత్తి ఇచ్చాడు. జనవరిలో సీజర్ ఏరు దాటేటప్పుడు ఆయన వెంట ఉన్నది ఒకే లెజియన్, పదమూడవది. సీజర్ కథను పాలకుల అహంకారాల కథగా చెప్పొచ్చు, అది కొంత నిజమే. కానీ ఆయన సిపాయిల జీతం రెట్టింపు చేశాడని, అది ఏడాదికి 225 దీనారాలకు చేరిందని మరిచిపోతే ఆ ఒక్క లెజియన్ వెనకాల మిగతావి ఎందుకు నడిచాయో తేలదు.

సీజర్ హత్య తర్వాత ఈ వ్యవహారం ముసుగు పూర్తిగా తీసేసింది. క్రీ.పూ. 44 శరదృతువులో ఏ పదవీ లేని 19 ఏళ్ల ఆక్టేవియన్ (సీజర్ దత్తపుత్రుడు, తర్వాత అగస్టస్ చక్రవర్తి అయినవాడు) ఇటలీలోని కంపానియాలో సీజర్ మాజీ సైనికుల ఊళ్లు తిరిగి తలా 500 దీనారాలు చేతిలో పెట్టాడు. అంటే రెండేళ్ల జీతం పైచిలుకు. అదే సమయంలో అసలు కాన్సుల్ ఆంటోనీ, మాసిడోనియా నుంచి వచ్చిన లెజియన్లకు బ్రుండీసియంలో 100 దీనారాలు ఇస్తానన్నాడు. వాళ్లు నవ్వారు. కోపం వచ్చి కొందరిని చంపించాడు. కొన్ని వారాల్లో మార్షియా లెజియన్, నాలుగవ లెజియన్ ఆక్టేవియన్ వైపు వచ్చేశాయి. మరుసటి ఏడాది వేసవిలో అతడికి కాన్సుల్ పదవి అడగడానికి సెనేట్‌కు వెళ్లింది కూడా సైనికుల బృందమే. సెనేటర్లు నసిగితే ఒక శతాధిపతి అంగీ తొలగించి కత్తి పిడి చూపించి, ‘మీరు చేయకపోతే ఇది చేస్తుంది’ అన్నాడట.

ఆక్టేవియన్, ఆంటోనీ, లెపిడస్ (పైన చెప్పిన లెపిడస్ కొడుకు) ఒప్పందంలో మొదట తేల్చుకున్న విషయాల్లో ఒకటి, ఇటలీలో పచ్చగా ఉన్న 18 పట్టణాల భూములు సైనికులకు బహుమానంగా ఇవ్వడం. సీజర్ హంతకుల మీద ఫిలిప్పై యుద్ధం గెలిచాక క్రీ.పూ. 41లో ఆ పంపకం ఆక్టేవియన్ మీద పడింది. క్రెమోనా పొలాలు చాలక పక్కనున్న మాంటువా పొలాలు కూడా కలిపేసుకున్నారు. ఆంటోనీ భార్య ఫుల్వియా, తమ్ముడు లూసియస్ భూములు పోయినవాళ్ల పక్షం నిలిచారు. లూసియస్ పెరూసియాలో ముట్టడిలో చిక్కి ఆకలికి తాళలేక క్రీ.పూ. 40 మొదట్లో లొంగిపోయాడు. ఆ ముట్టడిలో ఒడిసెల నుంచి విసిరిన సీసపు గుండ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. బాదంకాయంత ఉంటాయి. మీద లెజియన్ సంఖ్యా, శతాధిపతి పేరూ, వాటితోపాటు అవతలి నాయకుల శరీరభాగాలను ఉద్దేశించిన బూతులూ పోతపోసి ఉంటాయి. మీ పత్రికలో రాయదగినవి కావు గానీ, ఆ యుద్ధంలో సిపాయి మనసు తెలుసుకోవడానికి అంతకన్నా మంచి పత్రం లేదు.

ఆంటోనీ, క్లియోపాత్రాల మీద ఆక్టేవియన్ చేసిన ఆక్టియం యుద్ధం క్రీ.పూ. 31 సెప్టెంబరు 2న ముగిసేసరికి ఇరుపక్షాలవీ కలిపి దాదాపు 60 లెజియన్లు తేలాయి. ఆక్టేవియన్ వాటిని 28కి కుదించాడు. ఇంటికి పంపినవాళ్లకు ఈసారి భూములు లాక్కోలేదు, కొన్నాడు. తర్వాత తానే చెక్కించుకున్న లెక్కలో ఇటలీ భూములకు సుమారు 60 కోట్ల సెస్టర్సులు, ప్రాంతాల్లో భూములకు 26 కోట్లు అని ఉంది. ఆ డబ్బు ఎక్కడిది? ఈజిప్టు ఖజానా. ఆ సొమ్ము రోముకు చేరేసరికి వడ్డీ రేటు 12 శాతం నుంచి 4 శాతానికి పడిపోయింది. నన్నడిగితే అగస్టస్ శాంతికి పునాది క్లియోపాత్రా ఖజానా. అగస్టస్ రాజకీయ చాతుర్యం గురించి మీ వ్యాసం రెండు పేరాలు ఖర్చు పెట్టింది, ఈ డబ్బు గురించి ఒక్క మాట లేదు.

అయితే ఈజిప్టును ప్రతి తరంలోనూ గెలవలేం. అందుకే క్రీ.శ. 6లో అగస్టస్ చేసిన ఏర్పాటును నేను ఆయన పాలనలో అన్నిటికన్నా ముఖ్యమైనదిగా చూస్తాను. సైనిక ఖజానా అని ప్రత్యేక నిధి పెట్టాడు. తన సొంత డబ్బు 17 కోట్ల సెస్టర్సులు వేశాడు. ఏటా రాబడికి రెండు పన్నులు: దగ్గరి బంధువులు కానివాళ్లకు పోయే వారసత్వం మీద 5 శాతం, వేలంపాట అమ్మకాల మీద 1 శాతం. నిర్వహణకు మాజీ ప్రేటర్లు (న్యాయాధికారులు) ముగ్గురు, మూడేళ్ల కాలపరిమితి. ఇరవై ఏళ్లు చేసిన లెజియన్ సిపాయికి విరమణ సొమ్ము 12,000 సెస్టర్సులు, పదహారేళ్లు చేసిన అంగరక్షకుడికి 20,000. ఏడాది జీతం 900 సెస్టర్సులు కాబట్టి 12,000 అంటే పదమూడేళ్ల పైచిలుకు జీతం. లెజియనుకు ఏటా 120 మంది బతికి బయటపడ్డారనుకుంటే, 25 లెజియన్లకు 3,000 మంది, 3.6 కోట్లు. ఇక జీతాలు, లెజియనుకు 5,000 మంది చొప్పున, ఏటా 11.25 కోట్లు. వారసత్వ పన్ను మీద సెనేటర్లు గోల పెట్టారు. క్రీ.శ. 13లో అగస్టస్, అది వద్దంటే భూమి మీద, ఇళ్ల మీద పన్ను వేస్తానని అధికారులను సర్వేకు పంపించాడు. సెనేటర్లు నోరు మూసుకున్నారు.

కాగితం మీద అంతా సరిపోయింది. మరుసటి ఏడాదే అగస్టస్ పోగానే డాన్యూబ్ తీరపు పనోనియాలో మూడు లెజియన్లు తిరగబడ్డాయి. వాళ్ల నాయకుడు పెర్సెనియస్ సైన్యంలోకి రాకముందు నాటకశాలలో చప్పట్లు కొట్టే కిరాయి మూకకు పెద్ద. డిమాండ్లు చాలా స్పష్టంగా ఉన్నాయి: ఇప్పుడు రోజుకు 10 ఆసులు, దాన్ని ఒక దీనారం చేయండి, పదహారేళ్లకు వదిలేయండి, విరమణ సొమ్ము శిబిరంలోనే రొక్కంగా ఇవ్వండి. రోజుకు పది ఆసులంటే ఏడాదికి 225 దీనారాలే, కాబట్టి లెక్క అబద్ధం కాదు. అందులోంచే బట్టలకీ ఆయుధాలకీ గుడారాలకీ కోత. పని తప్పించుకోవాలంటే శతాధిపతికి లంచం. ముప్పై, నలభై ఏళ్లు ఉంచుకుని చివరికి పొలం పేరుతో బురదగుంటో కొండవాలో అంటగడుతున్నారని వాళ్ల ఫిర్యాదు. లూసిలియస్ అనే శతాధిపతికి సిపాయిలు పెట్టిన పేరు ‘ఇంకోటి తే’. ఒకడి వీపు మీద ద్రాక్షకర్ర విరిగితే ఇంకో కర్ర తెమ్మని కేకేసేవాడు. అతడిని మొదటే చంపేశారు. రైను తీరంలోని లెజియన్లు కూడా లేచాయి. అక్కడ ముసలి సిపాయిలు సేనాపతి జర్మానికస్ చెయ్యి ముద్దు పెట్టుకుంటున్నట్టు పట్టుకుని తమ నోట్లో పెట్టుకున్నారు, పళ్లు ఊడిన చిగుళ్లు తగలాలని. ఆయన పదహారేళ్లకు ఒప్పుకున్నాడు. క్రీ.శ. 15లో కొత్త చక్రవర్తి టిబేరియస్ ఆ హామీ రద్దు చేశాడు: వేలంపాట పన్ను తగ్గించమని జనం అడిగితే, సైనిక ఖజానాకు అదే ఆధారమని, ఇరవై ఏళ్లకన్నా ముందు వదిలితే రాజ్యం మోయలేదని ప్రకటించాడు. రెండేళ్లకు పన్నును సగం చేశాడు. సిపాయికి మాత్రం ఇరవై ఏళ్లే మిగిలాయి.

కోతలు ఎలా ఉండేవో ఈజిప్టులో దొరికిన ఒక పపైరస్ చూపిస్తుంది. ప్రోకులస్ అనే సైనికుడి క్రీ.శ. 81 నాటి పద్దు. జీతం ఏడాదికి మూడు వాయిదాల్లో వచ్చేది. మొదటి వాయిదాలో 248 ద్రాక్మాలు (ఈజిప్టులో చెలామణి అయిన నాణేలు) జమ. ఖర్చులు: గడ్డికి 10, తిండికి 80, చెప్పులకూ పట్టీలకూ 12, శిబిరంలో సాటర్నేలియా పండుగకు 20, బట్టలకు 60. మొత్తం 182. మిగిలింది 66, పాత నిల్వ 136, వెరసి 202. పండుగ చందా కూడా జీతంలోంచే పట్టుకున్నారు.

ఆ దీనారాలు మనకు కొత్త కాదు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో పదిహేను వందలకు పైగా దొరికాయి. దక్షిణ భారతంలో దొరికే వెండి దీనారాల్లో ఎక్కువ భాగం అగస్టస్, టిబేరియస్‌లవే. అగస్టస్ దత్తపుత్రులు గయస్, లూసియస్ డాళ్లూ ఈటెలూ పట్టుకుని నిలబడిన బొమ్మ ఉన్నవి గాల్‌లోని లుగ్డూనం టంకశాలలో ముద్రించినవి. మిరియాలు కొన్న ఆ వెండీ, రైను తీరపు సిపాయికి జీతంగా ఇచ్చిన వెండీ ఒకటే. క్రీ.శ. 64లో నీరో పౌను వెండికి 84 దీనారాల బదులు 96 కొట్టించడం మొదలుపెట్టాడు. తర్వాతి నాణేలు మన దగ్గర తక్కువగా దొరకడానికి అది ఒక కారణమని పండితులు భావిస్తారు. మన వర్తకులు తూకం చూసుకునేవాళ్లన్నమాట.

అగస్టస్ ఏర్పాటులో ఒక కన్నం మిగిలింది. విరమణకు నియమం ఉంది, కొత్త చక్రవర్తి గద్దెనెక్కేటప్పుడు ఇచ్చే ఇనాముకు నియమం లేదు. క్రీ.శ. 41 జనవరి 24న చక్రవర్తి కాలిగులా హత్య జరిగాక సెనేటర్లు గణతంత్రం గురించి చర్చిస్తూ కూర్చున్నారు. ఈలోగా అంగరక్షకులు హతుడి పినతండ్రి క్లాడియస్‌ను తమ శిబిరానికి మోసుకుపోయారు. ఆయన తలకు 15,000 సెస్టర్సులు ఒప్పుకున్నాడు. రేటు పుట్టింది. క్రీ.శ. 68లో కొత్త చక్రవర్తి గాల్బా తరఫున దళాధిపతి నింఫీడియస్ అంగరక్షకులకు 30,000, లెజియన్ సిపాయికి 5,000 ఒప్పుకున్నాడు. గాల్బా వచ్చి, ‘నేను సైనికులను ఎంచుకుంటాను, కొనను’ అన్నాడు. మాట గొప్పదే. క్రీ.శ. 69 జనవరి 15న నడివీధిలో తల తెగింది. మొదట ప్రత్యర్థి ఒథోకు జై కొట్టినవాళ్లు 23 మంది. తామే గాల్బాను చంపామని ఇనాము అడుగుతూ పెట్టుకున్న అర్జీలు 120కి పైగా తర్వాత ఒథోను ఓడించి గద్దెనెక్కిన విటెలియస్ చేతికి చిక్కాయి. ఆయన అర్జీదారులందరినీ వెతికించి చంపించాడు. చక్రవర్తిని చంపినవాళ్లను వదిలితే రేపు తన గతి ఏమిటన్న ముందుచూపు. అదీ పనిచేయలేదు, డిసెంబరు 20న ఆయన్నీ చంపారు.

క్రీ.శ. 193 మార్చి 28న చక్రవర్తి పెర్టినాక్స్‌ను చంపిన అంగరక్షకులు సామ్రాజ్యాన్ని వేలం వేశారు. దీన్ని వ్యాసం ‘దంతకథ’ అని కొట్టిపారేసింది. అప్పటి సెనేటర్ కాసియస్ డియో రోములోనే ఉన్నాడు, రాశాడు. శిబిరం లోపల హతుడి మామ సుల్పీషియానస్, గేటు బయట సెనేటర్ డిడియస్ జూలియానస్. మధ్యలో సిపాయిలు అటూ ఇటూ కబురు మోస్తూ పాట పెంచారు. సుల్పీషియానస్ 20,000 దగ్గర ఉండగా జూలియానస్ ఒక్కసారిగా 5,000 పెంచి, వేళ్లతో కూడా చూపిస్తూ అరిచాడు. 25,000కి కొట్టేశారు. ఆయన ఏలింది 66 రోజులు. డాన్యూబ్ లెజియన్లతో వచ్చిన సెప్టిమియస్ సెవెరస్ ఆ దళాన్ని నిరాయుధంగా పిలిపించి, చుట్టుముట్టి, నగరానికి వంద మైళ్లలోపు కనిపించొద్దని తరిమేశాడు.

కానీ సెవెరస్ కూడా జీతాలు పెంచక తప్పలేదు, నాణెంలో వెండి సగానికి తగ్గించకా తప్పలేదు. కొడుకు కారకల్లా ఇంకా పెంచాడు. క్రీ.శ. 212లో సామ్రాజ్యంలోని స్వతంత్రులందరికీ పౌరసత్వం ఇచ్చాడు. దీన్ని ఉదారమైన సంస్కరణగా మెచ్చుకునే ముందు ఒక సంగతి: వారసత్వ పన్ను రోమన్ పౌరులకు మాత్రమే. దాన్ని ఆయనే 10 శాతానికి పెంచాడు. పన్ను కట్టేవాళ్లను పెంచడానికే ఈ పని చేశాడని డియో సూటిగా రాశాడు. అగస్టస్ పెట్టిన ఆ పాత పద్దే ఇక్కడా నడుస్తోంది.

క్రీ.శ. 217లో కారకల్లా హత్యతో మాక్రినస్ చక్రవర్తిగా వచ్చాడు. లెక్కలు తెలిసినవాడు. కారకల్లా పెంచిన జీతాలకే ఏడాదికి 7 కోట్ల దీనారాలు అవుతున్నాయని సెనేట్‌కు రాసిన ఉత్తరంలో చెప్పాడు. ఉన్నవాళ్ల జీతం ముట్టుకోను, కొత్తగా చేరేవాళ్లకు మాత్రం సెవెరస్ నాటి జీతమే ఇస్తానన్నాడు. ఆలోచన తెలివైనదే, చోటు కుదరలేదు. పార్థియన్ యుద్ధం వల్ల లెజియన్లు చాలా భాగం సిరియాలో ఒకే దగ్గర పోగయి ఉన్నాయి. విడివిడిగా వాటి వాటి శిబిరాలకు పంపించాక ప్రకటించి ఉంటే గొణుక్కుని ఊరుకునేవేమో. ఇవాళ కొత్తవాళ్లకు, రేపు మనకు అని పాతవాళ్లు అనుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. క్రీ.శ. 218 మేలో ఎమెసా దగ్గరి శిబిరంలో మూడవ గాలికా లెజియన్ 14 ఏళ్ల ఎలగాబలస్‌ను చక్రవర్తిని చేసింది. డబ్బు ఆ అబ్బాయి అమ్మమ్మ జూలియా మేసాది. జూన్ 8న ఆంటియోక్ దగ్గర మాక్రినస్ ఓడిపోయాడు. గడ్డం గొరిగించుకుని మారువేషంలో పారిపోతూ కాల్సిడాన్‌లో దొరికిపోయాడు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
నల్లగొండ